పొద్దున పూసేదా, పొద్దుగూకాక పూసేదా? ఏడాది పూలతీగల్లో మీకు నప్పేది ఏది

నేను మొట్టమొదట వేసిన పూలతీగ మార్నింగ్ గ్లోరీ. బాల్కనీ కటకటాలు కనపడకుండా అల్లుకుంది. రోజుకు 30, 40 పూలు పూసేది. వాటిని కళ్లారా చూసింది మాత్రం ఎదురింటివాళ్లు. నాదప్పుడు రాత్రి డ్యూటీ. తెల్లవారుజామున చీకటి ఉండగానే ఇల్లు చేరి, పడుకుని లేచేసరికి మధ్యాహ్నం రెండయ్యేది. అప్పటికి ఒక్కో పువ్వూ తడిసిన గొడుగు ముడిచినట్టు లోపలికి చుట్టుకుపోయి, నీలం కాస్తా వెలిసిన ఊదాగా మారి వేలాడుతుండేది. తీగ తప్పేమీ లేదు. దాని వేళ, నా వేళ కలవలేదు, అంతే.

అందుకే ఎవరైనా "ఇంటి ముందు ఒక పూలతీగ వేద్దామనుకుంటున్నాం, ఏది బాగుంటుంది?" అంటే రంగు మాట ఎత్తను. మీరు మొక్క దగ్గర తీరిగ్గా నిలబడేది ఏ వేళ అని అడుగుతాను. తీగ పట్టుకోవడానికి అక్కడ ఏముందని అడుగుతాను. విత్తనం వేశాక మూడు నాలుగు నెలలు ఎండ ఎలా ఉంటుందని అడుగుతాను. ఈ మూడింటికీ జవాబు చెప్పుకుంటే మిగిలేవి రెండో మూడో తీగలు. ఎరుపో నీలమో అప్పుడు చూసుకోవచ్చు.

ముందు ఒక చిన్న సంగతి. ఏడాది తీగలని అమ్మేవన్నీ నిజంగా ఏడాది బతుకులు కావు. కాశీరత్నం, స్వీట్ పీ, మార్నింగ్ గ్లోరీలో చాలా రకాలు ఒక్క సీజన్‌లో మొలిచి, పూసి, గింజ కట్టి ఎండిపోతాయి. మూన్‌ఫ్లవర్, థన్‌బర్జియా, కోబియా, శంఖుపువ్వు, చిక్కుడు మాత్రం మంచు పడని చోట ఏళ్లు బతకగలవు. గడ్డకట్టే చలిలో ఎలాగూ చస్తాయి కాబట్టి అలాంటి చోట వీటిని ఏడాది తీగల్లా పెంచుతారు. మనకు కావలసింది ఒకటే: వేసిన మొదటి సీజన్‌లోనే పూయాలి. ఆ పని ఇవన్నీ చేస్తాయి. ఎంపిక తప్పినా పోయేది ఒక్క సీజనే. పీకి పారేసి ఇంకోటి వేసుకోవచ్చు. ముదురు మాను కట్టే తీగలతో ఈ సుఖం ఉండదు.

పువ్వు వేళ

మార్నింగ్ గ్లోరీ తెల్లవారకముందే విచ్చుకుంటుంది. ఎండ ముదిరేసరికి వాడుతుంది. మబ్బు పట్టిన రోజున మధ్యాహ్నం దాటినా ఉంటుంది. ఒక పువ్వు ఆయుష్షు ఒక్క పూట, రేపటికి వేరే మొగ్గ. అందరూ కోరే 'హెవెన్లీ బ్లూ' రకంలో ఇంకో వింత ఉంది. ముందు రోజు సాయంత్రం మొగ్గను చూస్తే ఎరుపు కలిసిన ఊదాగా ఉంటుంది. తెల్లారి విచ్చుకున్నాక అదే రేకు ఆకాశనీలం. రంగు పదార్థం మారలేదు. విచ్చుకునేటప్పుడు రేకు కణాల్లోని రసం పీహెచ్, అంటే ఆమ్ల-క్షారాల కొలత, సుమారు 6.6 నుంచి 7.7కు పెరుగుతుంది, ఆ మార్పుకే నీలం బయటపడుతుంది. వాడేటప్పుడు మళ్లీ ఊదాకు తిరగడం ఇందులోని రెండో అంకం. నేను నెలరోజులపాటు చూసింది ఆ రెండో అంకమే.

దీనికి సరిగ్గా ఎదురు వేళలో పూసేది మూన్‌ఫ్లవర్. రెండూ ఐపోమియా జాతివే, దగ్గర చుట్టాలు. మూన్‌ఫ్లవర్ తెల్లది, అరచేయంత, ఒక్కోసారి 15 సెంటీమీటర్ల వెడల్పు. పొద్దుగూకే వేళకు విచ్చుకుని మర్నాడు ఎండ తగిలేదాకా ఉంటుంది. చీకట్లో పెద్ద రెక్కల చిమ్మెటలను పిలవాలి కాబట్టి తెలుపు, సువాసన రెండూ దానికి అవసరం. మార్నింగ్ గ్లోరీకి చెప్పుకోదగ్గ వాసనే లేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి వరండాలో కూర్చునే అలవాటున్నవాళ్లకు ఈ జాబితాలో ఇంతకు మించింది లేదని నా అభిప్రాయం. మాటల్లో మాట: మెసో అమెరికా (మెక్సికో, మధ్య అమెరికా) ప్రాంతపు ప్రాచీనులు రబ్బరు చెట్టు పాలలో ఈ తీగ రసం కలిపి సాగే గట్టి రబ్బరు తయారుచేశారు, ఆట బంతులు చేసుకున్నారు. అది క్రీ.పూ. 1600 నాటికే ఉన్న విద్య.

రోజంతా ఎప్పుడు చూసినా పూలు కనపడాలనుకునేవాళ్లకు ఈ రెండూ పనికిరావు. థన్‌బర్జియా అలాటా, నాస్టర్షియం, స్వీట్ పీ మేలు. వీటి పువ్వు ఒక పూటకు ముడుచుకోదు, వరసగా కొన్ని రోజులు విచ్చుకునే ఉంటుంది. ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో వేళ ఉండేవాళ్లయితే థన్‌బర్జియాతో గొడవ లేదు. నారింజ, పసుపు, తెలుపు రేకులు, మధ్యలో కాటుక పెట్టినట్టు నల్లటి గొంతు. గొంతు నల్లగా లేని రకాలు కూడా అమ్ముతారు. ఆ నలుపు లేకపోతే ఇది అందరిలో ఒకటి, నేనైతే కొనను.

నాస్టర్షియం మునిమాపు వేళ ఇంకో ఆట ఆడుతుంది. 1762లో శాస్త్రవేత్త లినేయస్ కూతురు ఎలిసబెత్ క్రిస్టినా, మసక చీకట్లో ఈ పూలు తళుక్కుమన్నట్టు కనిపించాయని రాసింది. పువ్వులో వెలుగేమీ పుట్టదు. వెలుతురు తగ్గుతున్నప్పుడు ఆకుపచ్చ మీది నారింజ రంగు మన కంటితో ఆడే దోబూచులాట అది. చూపు నేరుగా నిలపకుండా, అటూ ఇటూ కదిలిస్తూ చూడండి.

తీగ దేన్ని పట్టుకుంటుంది

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, నేనూ చేశాను. స్వీట్ పీకి బొటనవేలంత లావు వెదురు కర్రలు చక్కగా పాతి, మురిసిపోయాను. రెండు వారాలకు మొక్కలన్నీ కర్రను వదిలి ఒకదాన్నొకటి పట్టుకుని కుప్పగా కూలాయి. దగ్గరికెళ్లి చూస్తే సంగతి తెలిసింది. స్వీట్ పీ ఆకు కొస నులితీగగా మారి ఉంటుంది, దారమంత సన్నం. అది తాకిన వస్తువు చుట్టూ ఉంగరంలా మెలిపడాలి. వెదురు దానికి గోడలాంటిది. ఒక వంపు తిరిగి, పట్టు చిక్కక, పక్కమొక్క కాడను పట్టుకుంది. అది సన్నగా ఉంది కదా మరి. ఆ కర్రలకే పురికొస అడ్డంగా నాలుగు వరసలు కట్టాక ఇక జారలేదు.

తీగలు ఎక్కే తీరులో మనకు పనికొచ్చేవి మూడు. మొదటిది కాండమే చుట్టుకునేది: మార్నింగ్ గ్లోరీ, కాశీరత్నం, మూన్‌ఫ్లవర్, థన్‌బర్జియా, శంఖుపువ్వు, చిక్కుడు. వీటికి నిలువు ఆధారం కావాలి. పురికొస, జి.ఐ. తీగ, సన్నటి కర్ర, గొలుసు, ఏదైనా సరే. అడ్డ కమ్మీలు ఒక్కటే ఉంటే పైకి పోలేక తంటాలు పడతాయి. రెండోది నులితీగతో పట్టేది: స్వీట్ పీ, కోబియా, బుడ్డకాకర. వీటికి వల కావాలి, లేదా కొమ్మలు కొమ్మలుగా చీలిన ఎండు పుల్లలు గుచ్చాలి. నులితీగల్లో కోబియాది రాక్షస పట్టు. దాని నులితీగ చీలికలు చీలికలుగా ఉండి, కొసల్లో కంటికి కనపడీ కనపడని కొక్కేలుంటాయి. గరుకు బెరడును కూడా పట్టేస్తుంది. మూడోది నాస్టర్షియం. ఆకు కాడనే మెలిపెట్టి పట్టుకుంటుంది. ఆ పట్టు గట్టిది కాదు. రెండు మూడు చోట్ల మీరే వదులుగా కట్టకపోతే గాలికి ఊడి కింద పాకుతుంది. అలా పాకించడమే దానికి అందం అనేవాళ్లూ ఉన్నారు, కాదనను.

ఛార్లెస్ డార్విన్ 1865లో ఎగబాకే మొక్కల గురించి వెలువరించిన పరిశీలనల్లో ఈ తేడాలన్నీ ఉన్నాయి. జబ్బుపడి గది దాటలేని రోజుల్లో కుండీలోని హాప్ తీగను (బీరు తయారీలో వాడేది) పక్కనే పెట్టుకుని దాని కొస తిరగడాన్ని లెక్కపెట్టాడు. వేడి రోజుల్లో పగటిపూట సగటున 2 గంటల 8 నిమిషాలకు ఒక చుట్టు. మీ మార్నింగ్ గ్లోరీ కొస కూడా ఇలాగే గాల్లో గుండ్రంగా వెతుకుతూ తిరుగుతుంది. పొద్దున కాఫీ అప్పుడు ఒకసారి, గంట తర్వాత ఒకసారి చూడండి, వేరే దిక్కుకు వంగి ఉంటుంది.

ఈ తిరుగుడుకు ఒక దిశ ఉంది. మార్నింగ్ గ్లోరీ జాతివి, పైనుంచి చూస్తే గడియారం ముళ్లకు ఎదురు దిశలో చుట్టుకుంటూ ఎక్కుతాయి. మామూలు స్క్రూ మీద మర ఎటు వాలి ఉంటుందో, తీగ మెలి కూడా అటే. మీరు సాయం చేద్దామని ఇంకో దిశలో చుట్టారనుకోండి, మర్నాటికి ఊడి పక్కన వేలాడుతుంటుంది. చుట్టకండి. కొసను తెచ్చి తాడుకు ఆనించి వదిలేయండి, చుట్టుకోవడం దానికి తెలుసు.

ఆధారం దేనితో కట్టాలన్నది కూడా ఎంపికలో భాగమే. నైలాన్ వల నాలుగేళ్లు మన్నుతుంది. సీజన్ చివర ఎండిన తీగను ఒక్కో గడిలోంచి ఏరి తీసేటప్పుడు మాత్రం వల కొన్న రోజును తిట్టుకుంటారు. పురికొస ఒక్క సీజన్‌కే నీరసిస్తుంది. కానీ పైముడి కోసి మొత్తం తీగ, తాడుతో సహా కంపోస్ట్ గుంటలో పడేయొచ్చు. ఏడాది తీగలకు నా ఓటు పురికొసకే. మూన్‌ఫ్లవర్, కోబియా, చిక్కుడు మాత్రం ముదిరాక బరువెక్కుతాయి. వాటికి పైన, కింద జి.ఐ. తీగ లాగి, మధ్య నిలువునా తాళ్లు దింపాలి.

ఎండ, చలి, పగటి పొడవు

స్వీట్ పీ దారి వేరు, మిగతావాటి దారి వేరు. స్వీట్ పీ చల్లదనం మొక్క. సిసిలీ ద్వీపంలో ఉన్న కుపానీ అనే మతగురువు 1699లో దీని గింజలను ఇంగ్లండుకు పంపాడు, అక్కడి చల్లని వేసవిలో అది రాణించింది. ఆ పాత 'కుపానీ' రకం ఊదా, ముదురు ఎరుపు రంగుల చిన్న పువ్వు. సువాసనలో తర్వాత వచ్చిన పెద్ద రేకుల రకాలు చాలావాటిని ఇప్పటికీ ఓడిస్తుంది. ఎండలు 30 డిగ్రీలు దాటి వరసగా కాశాయంటే స్వీట్ పీ మొగ్గలు పసుపుబారి రాలతాయి, తీగ అడుగునుంచి ఎండుతూ వస్తుంది. నీళ్లు పోసి దాన్ని నిలబెట్టలేరు. కాబట్టి వేసవి మండే చోట చలికాలం మొదట్లో విత్తి, ఎండలు రాకముందే పూలు కోసుకోవాలి. వేసవి చల్లగా ఉండే చోట వసంతం మొదట్లో విత్తినా చాలు.

చలికాలంలో పూయించాలనుకుంటే ప్యాకెట్ మీద రకం పేరు తప్పక చూడండి. వేసవి రకాలకు, అంటే స్పెన్సర్ తరహావాటికి, పూయడానికి సుమారు 12 గంటల పగలు కావాలి. చలికాలంలో పగలు అంత ఉండదు, తీగ ఏపుగా పెరిగి ఊరుకుంటుంది. త్వరగా పూసే 'వింటర్', 'స్ప్రింగ్' తరహా రకాలకు 10, 11 గంటలు సరిపోతుంది. ఎంత సేవ చేసినా పూయలేదని వాపోయేవాళ్లలో చాలామంది చేతిలోకి వచ్చింది తప్పు ప్యాకెట్.

ఐపోమియా తీగల్లో చాలావాటికి లెక్క తలకిందులు. పగలు తగ్గి, రాత్రి పెరుగుతుంటే అవి పూతకు వస్తాయి. ఐపోమియా నిల్ అనే మార్నింగ్ గ్లోరీ ఈ విషయంలో ఎంత సున్నితమంటే, దాని ఒక రకం మొలక ఒకే ఒక్క దీర్ఘరాత్రి చూస్తే చాలు, మొగ్గ కడుతుంది. ప్రయోగశాలల్లో పూత రహస్యాలు వెతకడానికి ఆ రకాన్నే వాడారు. మన పెరట్లో దీని అర్థం ఏమిటంటే, రాత్రంతా వీధి దీపం వెలుగు పడే చోట ఈ తీగలు ఆకు మీదే ఉండిపోవచ్చు. అలాంటి మూల థన్‌బర్జియాకో నాస్టర్షియానికో వదిలేయండి. ఎరుపుతో మొదలై నారింజ, పసుపు, చివరికి తెలుపుకు తిరిగే 'స్పానిష్ ఫ్లాగ్' అనే ఐపోమియా తీగ కూడా రాత్రులు పెరిగాకే పూస్తుంది. చలి త్వరగా దిగే చోట దానికి టైం చాలదు.

నీలం కావాలంటే

నీలం అనగానే పోటీ మార్నింగ్ గ్లోరీకి, శంఖుపువ్వుకి. మార్నింగ్ గ్లోరీ నీలంలో ఆకాశం ఉంటుంది, శంఖుపువ్వు నీలంలో సిరా ఉంటుంది. రెండింటిదీ ఒక్కరోజు పువ్వే. మార్నింగ్ గ్లోరీ వేగం ఎక్కువ, రెండు మూడు నెలల్లో మూడు నాలుగు మీటర్లు ఎక్కి కమ్మేస్తుంది. పువ్వు పెద్దది, దూరం నుంచి కనపడుతుంది. శంఖుపువ్వు నెమ్మది, ఆకు పలచన, దగ్గరగా చూడవలసిన పువ్వు. ఎండను ఓర్చుకోవడంలో, ఒకపూట నీళ్లు మరిచినా నిలబడటంలో శంఖుపువ్వుదే పైచేయి. వేరు బుడిపెల్లో నత్రజనిని పట్టుకునే మొక్క కాబట్టి నత్రజని ఎరువు ఖర్చు లేదు. చలి తగిలితే మాత్రం ముడుచుకుపోతుంది. గోడ దాచాలంటే మార్నింగ్ గ్లోరీ. కిటికీ ఊచకు ఒక్క తీగ చాలనుకుంటే శంఖుపువ్వు. మంచు పడని చోట ఉన్నవాళ్లకు ఇంకో లాభం, శంఖుపువ్వును కత్తిరించి వదిలితే మళ్లీ చిగురిస్తుంది. ప్రతి ఏడాదీ విత్తే పని తప్పుతుంది.

ఎరుపు కావాలంటే కాశీరత్నానికి సాటి లేదు. ఈకలా చీలిన ఆకు, ఐదు కోణాల చిన్న నక్షత్రం, కింద సన్నటి గొట్టం. పువ్వు రెండు సెంటీమీటర్లే, వందల్లో పూస్తుంది. గొట్టంలో తేనె కోసం సన్నటి పొడవాటి ముక్కు పక్షులు వస్తాయి. మొదటిసారి తీగ వేసేవాళ్లకు నేను ఇచ్చేది ఈ గింజలే. ఎక్కడైనా మొలుస్తుంది, పురుగు తక్కువ, కటకటాలకు బరువు కాదు. ఆకు పలచన కాబట్టి కిటికీకి వేసినా గదిలో వెలుతురు చావదు. అదే దాని లోపం కూడా, పక్కింటి చూపు ఆపడానికి అది తెర కాదు.

తెర కావాలంటే, కుండీలో కావాలంటే

తెర పని బాగా చేసేవి ఊదారంగు చిక్కుడు, కోబియా, మూన్‌ఫ్లవర్. చిక్కుడును పూలతీగ అంటే కొందరు నవ్వుతారు. ఊదా కాండం, ఊదా పూల కంకులు, వాటి వెనకే లక్క పూసినట్టు మెరిసే ఊదా కాయలు. ఏ పూలతీగలో పువ్వు రాలాక కూడా ఇంత సొగసు మిగులుతుంది? పెద్ద ఆకులు కాబట్టి నీడ కూడా గట్టిది. ముదిరి ఎండిన గింజలను మాత్రం పచ్చిగా నోట పెట్టకూడదు, వాటిలో సయనైడ్ విడుదల చేసే పదార్థాలుంటాయి.

కోబియా పెద్ద సంసారం. పువ్వు గంటలా, కింద సాసరులో పెట్టిన కప్పులా ఉంటుంది. లేతాకుపచ్చగా విచ్చుకుని, తర్వాత ఊదాగా ముదురుతుంది. సీజన్ పొడవుగా, చలి లేకుండా ఉంటేనే దాన్ని తలపెట్టండి. విత్తిన నాలుగైదు నెలలకు గానీ పూత ఊపందుకోదు. గింజ బల్లపరుపుగా ఉంటుంది. అంచు మీద నిలబెట్టి నాటాలి, పడుకోబెడితే తడికి కుళ్లే ప్రమాదం ఉంది.

కుండీకి వీటిలో ఏదీ వద్దు. ఏ పూటకాపూట నీళ్లడిగి ప్రాణం తీస్తాయి. 10, 12 అంగుళాల కుండీలో సుఖంగా ఉండేది థన్‌బర్జియా, అది రెండు మీటర్ల దగ్గర ఆగుతుంది. వేలాడే బుట్టలో వేసినా కిందికి జారి బాగుంటుంది. దానికి ఇష్టంలేనిది ఎండు వేడి. గోడ వేడి కొట్టే మూలలో ఆకుల అడుగున ఎర్రనల్లి చేరి, ఆకు బూడిదచుక్కలు పడి వాడుతుంది. రోజు విడిచి రోజు ఆకు అడుగున నీళ్లు చిమ్మితే చాలావరకు అదుపులో ఉంటుంది. కాశీరత్నం కూడా 12 అంగుళాల కుండీలో సర్దుకుంటుంది. మార్నింగ్ గ్లోరీకి కనీసం 20 లీటర్ల తొట్టి కావాలి.

నాస్టర్షియం సంగతి మట్టి దగ్గర చెప్పాలి. ఒక ఏడాది మంచి మనసుతో దాని కుండీలో సగానికి సగం కంపోస్ట్ కలిపాను. ఆకులు తామరాకుల్లా, ఒక్కోటి నా అరచేతిని కప్పేంత వచ్చాయి. పువ్వులు వెతుక్కోవాల్సి వచ్చింది. పక్కనే, ఎవరూ పట్టించుకోని ఇసుక మూలలో రాలిన గింజ మొలిచి, గుప్పెడు ఆకుతో డజను పూలు పూసింది. సారం లేని మట్టిలోనే దానికి పూయాలనిపిస్తుంది. మార్నింగ్ గ్లోరీది కూడా కొంచెం అదే బుద్ధి, యూరియా వేశారంటే ఆకు పందిరి తప్ప పూలుండవు. స్వీట్ పీ, కోబియా మాత్రం తిండిపోతులు. లోతుగా తవ్వి, మాగిన ఎరువు వేసి, తడి ఆరకుండా చూసుకుంటేనే నిలుస్తాయి. ఎరువు వేసే ఓపిక లేనివాళ్లకు నాస్టర్షియం, ఎరువు వేయకుండా ఉండలేనివాళ్లకు స్వీట్ పీ!

నాస్టర్షియం ఆకు, పువ్వు తినొచ్చు, ఆవాల ఘాటు. పేనుబంక కూడా దాని మీద ఎగబడుతుంది. లేత కొసల వెనక నల్లగా గుంపు కనపడిన రోజే ఆ కొస తుంచేయండి.

గింజ దగ్గర కాసేపు

మార్నింగ్ గ్లోరీ, మూన్‌ఫ్లవర్, కాశీరత్నం, శంఖుపువ్వు, స్వీట్ పీ, వీటి గింజ పైపొర గట్టిది, నీటిని లోపలికి రానివ్వదు. మూన్‌ఫ్లవర్ గింజ చిన్న గులకరాయిలాగే ఉంటుంది. నేల మీద వేస్తే టక్కుమంటుంది. నెయిల్ కట్టర్‌తో, మచ్చ (గింజ కాయకు అంటుకుని ఉన్న చోటు) ఉన్న వైపు కాకుండా దానికి ఎదురు వైపు, లోపలి తెలుపు ఆవగింజంత కనపడేదాకా గీరండి. మచ్చ వైపు మొలక ఉంటుంది, దాన్ని తాకకూడదు. ఉప్పుకాగితం మీద నాలుగుసార్లు రుద్దినా అదే పని జరుగుతుంది. తర్వాత గోరువెచ్చని నీళ్లలో ఒక రాత్రి. పొద్దుటికి ఉబ్బి రెట్టింపైన గింజలు నాటండి, ఉబ్బనివి మళ్లీ గీరండి. రాత్రి దాటి నానబెట్టకండి, ఊపిరాడక చస్తాయి. నాస్టర్షియానికి, థన్‌బర్జియాకు గీరే పని లేదు. థన్‌బర్జియా మొలవడానికి రెండు మూడు వారాలు తీసుకుంటుంది. మొలవలేదని కుండీ గుమ్మరించేయకండి.

నారు పోసి పీకి నాటడం వీటిలో ఎక్కువవాటికి గిట్టదు, వేరు కదిలితే అలుగుతాయి. ఉన్నచోటే విత్తండి, లేదా కాగితం కప్పులో మొలిపించి కప్పుతో సహా పాతండి. స్వీట్ పీకి రెండు మూడు జతల ఆకులు రాగానే కొస గిల్లండి, అడుగునుంచి పిలకలు వస్తాయి. పూయడం మొదలయ్యాక ఒకరోజు విడిచి ఒకరోజు పూలు కోయాలి. నాలుగు కాయలు కట్టనిచ్చారంటే ఇక పూసే పని అయిపోయిందనుకుని ఆగిపోతుంది. పువ్వు కోయడానికి మనసొప్పనివాళ్లు స్వీట్ పీ జోలికి పోవద్దు.

చిన్నపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్న ఇంట్లో ఎంపిక ఇంకొంచెం మారుతుంది. మార్నింగ్ గ్లోరీ గింజలు విషం, స్వీట్ పీ గింజలు కూడా తినేవి కావు. స్వీట్ పీ కాయ చూడటానికి బఠాణీ కాయలాగే ఉండటం అసలు ప్రమాదం. నోట్లో ఏది పడితే అది పెట్టుకునే వయసు పిల్లలుంటే నాస్టర్షియం, థన్‌బర్జియా నిశ్చింత.

ఇంకో జాగ్రత్త, రాలిన గింజ. కాశీరత్నం, మార్నింగ్ గ్లోరీ ఒకసారి వేస్తే మర్నాటి ఏడాది మీరు అడగకుండానే వస్తాయి. నాలుగు మొలకలైతే సంతోషం, నాలుగు వందలైతే కలుపు. వెచ్చని చోట్ల థన్‌బర్జియా, బుడ్డకాకర దడులు దాటి పొదల మీద పడతాయి. పక్కన పొలమో అడవో ఉంటే కాయలు పండకముందే తుంచేయండి. బుడ్డకాకరను పూల కోసం ఎవరూ వేయరులెండి, పువ్వు అణువంత. నల్లని గింజ మీద తెల్లగా హృదయం ఆకారం మచ్చ ఉంటుంది, అది పిల్లలకు చూపించడానికి ఒక్క తీగ వేస్తే వేయండి.

ఇన్ని చెప్పాక, నా సొంత ఎంపిక ఏమిటంటే, ఒకే పందిరికి రెండు తీగలు. అడుగు ఎడంగా ఒక మార్నింగ్ గ్లోరీ, ఒక మూన్‌ఫ్లవర్. రెండూ ఒకే రీతిలో చుట్టుకుంటాయి, ఒకే ఎండ, ఒకే నీరు అడుగుతాయి. తెల్లవారుజామున నీలం విచ్చుకునేటప్పటికి నిన్నటి తెలుపు ఇంకా ఉంటుంది. రెండూ ఒకేసారి కనపడే ఆ గంట రాత్రి డ్యూటీ చేసేవాళ్లకు కూడా అందుతుంది. మూన్‌ఫ్లవర్ నెమ్మదిగా మొదలవుతుంది కాబట్టి దాన్ని రెండు వారాలు ముందు విత్తండి, లేకపోతే మార్నింగ్ గ్లోరీ పందిరంతా ఆక్రమించి దాన్ని నీడన పడేస్తుంది.

మూన్‌ఫ్లవర్ మొగ్గ ఏ సాయంత్రం విచ్చుకుంటుందో పొద్దున్నే కనిపెట్టొచ్చు. ఇంకా టైం ఉన్న మొగ్గ ఆకుపచ్చగా, గట్టిగా పిండిన గుడ్డలా మెలితిరిగి ఉంటుంది. ఆరోజే పూసే మొగ్గ పొడవు సాగి, తెల్లబడి, కొసన కాస్త ఉబ్బి ఉంటుంది. వెలుతురు తగ్గేవేళకు మెలి వదులవుతుంది, మొగ్గ చిన్నగా వణుకుతుంది, ఆ తర్వాత కొన్ని నిమిషాల్లో పూర్తిగా తెరుచుకుంటుంది. ఫోన్ లోపల పెట్టి, కుర్చీ ముందే వేసుకోండి.